తడవకూడని పడవ

మా నౌకాస్మృతి మండలి ఏర్పడిన నాటినుంచి నేటిదాకా ఒక్క పడవ కూడా మునగలేదు. ఈ వాక్యం వార్షిక నివేదిక మొదటి పేజీలో ఏటా నేనే రాస్తాను. మండలికి అసలు పడవే లేదు కదా అని గిట్టనివాళ్ళు అంటారు. మునగకపోవడానికి అదీ ఒక కారణమేనని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కాకినాడలో మా ఆఫీసుకు నేను సూపరింటెండెంటుని. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నియమావళి మాట దాటి ఎరగను.

పడవ లేని లోటు తీరే ఏడు ఒకటి వచ్చింది. పైవాళ్ళకి ఉన్నట్టుండి పాత వస్తువుల మీద ప్రేమ పుట్టింది. ప్రతి శాఖా తన వంతుగా ఒక వారసత్వ వస్తువును ప్రజలకు చూపించాలని ఉత్తరువు దిగింది. కరెంటు వాళ్ళు కిరసనాయిలు దీపం పెట్టారు. పశువుల శాఖ వాళ్ళు రెండెడ్ల బండి పెట్టారు. మాకు యుద్ధనౌక వచ్చింది.

యుద్ధనౌక అనగానే ఇనప కొండని ఊహించుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో తీరం కాపలాకి చిన్న చిన్న కొయ్య మోటారు పడవలు కట్టారు. ఇనుమంతా పెద్ద ఓడలకే చాలలేదు. పైగా ఇనుము దగ్గరికొస్తే పేలే మందుపాతరలు సముద్రంలో వేసేవారు, కొయ్య వాటికి ఆనదు. ఓడలు కట్టే రేవులన్నీ పెద్ద పనుల్లో మునిగి ఉండటంతో కుర్చీలూ అలమారాలూ చేసే కార్ఖానాలకి కూడా ఈ పని పంచారు. పక్కటెముకల్లాంటి వంపు దూలాలు ఒక చోట కోసి, నెంబర్లు వేసి, ఇంకో చోటికి పంపి అతికించేవారు. పైన పలకలు రెండు వరసలు. ఒక వరస అటు వాలుగా, రెండో వరస ఇటు వాలుగా, మధ్యలో నూనెగుడ్డ. పొడవు డెబ్బై రెండడుగులు. అలమారాలు చేసేవాళ్ళు చేసిన యుద్ధనౌకలని మా మండలి కరపత్రంలో చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. తర్వాత ఇదే నాకు అక్కరకొస్తుందని అప్పుడు తెలీదు.

అలాంటి పడవ ఒకటి, ఆ నక్షా ప్రకారమే, కట్టించాలని మా జాయింట్ డైరెక్టరు చయనులు గారు సంకల్పించారు. చయనులు గారు మాట్లాడితే ఉత్తరువు చదివినట్టుంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కూడా "దప్పిక నివారణార్థం" అడుగుతారని చెప్పుకుంటారు. నేను వినలేదు.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, కోరంగికి ఇవతల, ఏటి ఒడ్డున సంగాని పోలయ్య మేస్త్రి పడవలు కడతాడు. డెబ్బై దాటిన మనిషి. కుడికంట్లో పొర వచ్చేసింది. పని ఒప్పుకునేటప్పుడే ఇదే తన ఆఖరి పడవ అని చెప్పాడు. ఆయన తండ్రి కుర్రతనంలో ఆ యుద్ధం పడవలు కట్టే పనిలో ఉన్నాడట.

"మా నాన్న ఆరు కట్టాడండి. ఆరూ రంగు ఆరకముందే నేవీవోళ్ళు అట్టుకుపోయారు. ఒక్కదాంట్లో కూకోలేదు. ఎట్టా నడుత్తాదో తెలీకుండానే పోయాడండి," అన్నాడు పోలయ్య. "ఇందులో నన్ను ఒక్కసారి మొగదాకా తీసుకెళ్ళాలండి. అదొక్కటే నేనడిగేది."

మొగ అంటే ఏరు సముద్రంలో పడే చోటు. ఇదేమంత పెద్ద కోరికని నేను సరేనన్నాను. వాళ్ళ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. పడవకి మొదటి దూలం వేసిన రోజు నుంచి అది నీళ్ళలో దిగేదాకా మేస్త్రి గడ్డం గియ్యడు. పద్నాలుగు నెలలు గడిచి, మాఘమాసంలో ఆఖరి పలక బిగించేసరికి పోలయ్య గడ్డం రొమ్ము మీదికి వచ్చింది. టేకు పలకలు, మద్ది దూలాలు, సందుల్లో దట్టించిన పత్తి, దానిమీద గుగ్గిలం నూనె. చేత్తో నిమిరితే ఎక్కడా అతుకు తగల్లేదు. నాకు పడవల గురించి ఏమీ తెలీదు గానీ, దాన్ని చూస్తుంటే మనసుకి హాయిగా ఉండేది.

"ఇంక తొమ్మిది రోజుల్లో దించెయ్యాలండి," అన్నాడు పోలయ్య. నేను నియమావళి తీశాను.

పద్నాలుగో నియమం ఇలా ఉంది: "ఏ నౌకయైనను జలప్రవేశమునకు పూర్వము, పూర్తిగా పొడిగానున్న స్థితిలో, వెలుపలినుండి నీటిని చిమ్మి పరీక్షింపవలెను. ఒక్క బిందువు లోనికి వచ్చినను జలప్రవేశార్హత లేదు." చెరువుల్లో షికారు తిరిగే ప్లాస్టిక్ పడవల కోసం ఎప్పుడో రాసిన నియమం ఇది. అయితే అందులో 'ఏ నౌకయైనను' అని ఉంది, ఏ నౌకయైనను అంటే ఏ నౌకైనా. రెండో నియమంలో నౌక అంటే ఏమిటో కూడా రాసి ఉంది గానీ, నిర్వచనాలు ఎవరూ చదవరు. ఆ రోజు నేనూ చదవలేదు.

పరీక్షాధికారి భావరాజు కామేశం గారు ఒక నీళ్ళ గొట్టం, ఒక సుద్దముక్క పట్టుకుని వచ్చారు. బయటనుంచి గొట్టంతో నీళ్ళు కొట్టించి, తాను లోపల టార్చిలైటుతో కూర్చున్నారు. నలభై ఏడు చోట్ల చుక్క కారింది. ప్రతి చుక్క దగ్గరా సుద్దతో గుండ్రంగా చుట్టి నెంబరు వేశారు. అరగంట గడిచేసరికి చుక్కలు తగ్గడం మొదలైంది. వెంటనే ఆయన పరీక్ష ఆపించేశారు. పడవ తడిసిపోయింది కాబట్టి ఇకమీదట వచ్చే ఫలితం చెల్లదట.

పోలయ్య ఆయనకి చెప్పి చూశాడు. "చెక్క నీళ్ళు తాగాలండి బాబూ. తాగితే ఉబ్బుద్ది. ఉబ్బితే సందు దానంతటదే మూసుకుపోద్ది. ఏట్లో మూడ్రోజులుంచితే చుక్క రాదండి."

కామేశం గారు ఓపిగ్గానే విన్నారు. కారుచున్న నౌకను నీటియందుంచినచో కారుట ఆగునన్న వాదన తన పదహారేళ్ళ అనుభవంలో తటస్థించలేదనీ, కారుచున్నది గనుక ముందు బాగా ఆరబెట్టి తీసుకురమ్మనీ రాసి వెళ్ళిపోయారు. ఆరబెట్టడానికి నెల గడువు ఇచ్చారు.

నెల ఆరబెట్టాం. రెండో పరీక్షలో రెండువందల పన్నెండు చోట్ల కారింది. సుద్దముక్కలు చాలక ఊళ్ళో బడికి కబురు పంపాం.

చయనులు గారు సమావేశం పెట్టారు. మొదటిసారి ఆరబెట్టకుండా పరీక్షిస్తే నలభై ఏడు, నెల ఆరబెడితే రెండువందల పన్నెండు. ఈ అంకెలు గోడమీద గీతగా గీసి చూపించారు. ఎవరికైనా ఇందులో ఏదో తెలిసిపోవాలి. చయనులు గారికీ తెలిసింది. "ఆరుదల పెరిగినకొద్దీ కారుదల పెరుగుచున్నది. అనగా కలపయందలి దాగియున్న తేమ ఇప్పుడిప్పుడే బయటపడుచున్నదన్నమాట. ఇది శుభసూచకం. మనం సగం దూరంలో ఉన్నాం. సంపూర్ణ శుష్కతయే మన లక్ష్యం," అన్నారు. అందరం రాసుకున్నాం.

అప్పటినుంచి ఆరబెట్టడం ఒక ఉద్యమంగా సాగింది. పడవ మీద రేకుల షెడ్డు వేశారు. చుట్టూ పన్నెండు ఫ్యాన్లు పెట్టారు. షెడ్డుకి యాభై గజాల లోపల నీటికుండ ఉండకూడదని బోర్డు కట్టారు. ఏరు మాత్రం నలభై గజాల్లోనే ఉంది. ఏటిని జరపడానికి వీలుపడలేదు గనుక ఆ బోర్డునే పదకొండు గజాలు ఇవతలికి జరిపారు. కాపలావాడు దాహమేస్తే రోడ్డుదాకా వెళ్ళి తాగి, మూతి తుడుచుకుని రావాలి. పోలయ్య భార్య అప్పలనరసమ్మ మధ్యాహ్నం చద్దన్నం తెస్తే, మజ్జిగ ద్రవపదార్థం గనుక గేటు దగ్గరే ఆపేశారు. కందిపొడి వరకు రానిచ్చారు. ఆవిడ మొదటి రోజు కాపలావాణ్ణి తిట్టింది. రెండో రోజు నన్ను తిట్టింది. నేను నియమం చూపిస్తే, చదవడం రాదు కాబట్టి ఇంకో నాలుగు తిట్టింది.

మూడో పరీక్షలో చుక్కలు లెక్కపెట్టే పద్ధతి మానేశాం. బిందెలతో కొలిచాం. గీత గోడ దాటి కిటికీలోకి వెళ్ళింది. లక్ష్యానికి చేరువవుతున్నామని చయనులు గారు మమ్మల్ని అభినందించారు. మోటారు మాత్రం అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది. దాన్ని పెట్టెలోంచి తియ్యలేదు.

చైత్రం వెళ్ళింది. పోలయ్య ఆఫీసుకి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. రోహిణీకార్తె వచ్చేలోపల పడవ నీళ్ళు ముట్టకపోతే పలకలు నిలువునా చీలుతాయనీ, చీలిన పలకని దేవుడు దిగొచ్చినా అతకలేడనీ చెప్పాడు. సందు అయితే మూసుకుంటుంది, చీలిక మూసుకోదు. ఆ ముక్క నేను ఉన్నదున్నట్టు నోటు రాసి పైకి పంపాను. "చూచితిని" అని తిరిగొచ్చింది.

ఆ తర్వాత వారానికి కాపలావాడు పోలయ్యని పట్టుకున్నాడు. తెల్లవారుతూనే వచ్చి, ఏట్లో ముంచిన గోనెసంచులు పడవ కడుపుకి కప్పుతున్నాడట. తొమ్మిది గోనెలు స్వాధీనం చేసుకుని, అవి ఆరేలోగా తూకం వేయించి పంచనామా రాశారు. అభియోగ పత్రం తయారుచెయ్యమని నాకు పురమాయించారు. రాశాను. "తాము ఉద్దేశపూర్వకముగా సదరు నౌకకు తడి కలుగజేసితిరి. ఏల తమపై చర్య గైకొనరాదో ఏడు దినములలో తెలుపవలెను." పడవని తడిపాడని ఒక మనిషి మీద నేరం మోపుతూ రాసిన కాగితం అంతకు ముందు ఏ ఫైల్లోనూ లేదు. మాదిరి దొరక్క కొంచెం ఇబ్బందిపడ్డాను.

ఇవ్వడానికి నేనే వెళ్ళాను. పోలయ్య పడవ పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒంటికంటికి అక్షరాలు ఆనవు కాబట్టి నన్నే చదవమన్నాడు, చదివాను. జవాబు కూడా నన్నే రాయమన్నాడు.

"తడిపానని రాయండి."

"ఎందుకు తడిపావని అడుగుతున్నారు మేస్త్రీ."

"పడవ కాబట్టండి," అన్నాడు.

ఆ రెండు మాటలే రాశాను. అప్పుడే పడవ లోపల ఎక్కడో టప్‌మని శబ్దం వచ్చింది. నేను ఎలుకనుకున్నాను. పోలయ్య లేచి, పడవని తడుముకుంటూ వెళ్ళి, ముక్కు భాగంలో ఒక పలకకి చెంప ఆనించి నిలబడ్డాడు. ఇంకా చీలలేదనీ, చీలే ముందు పలక ఇలాగే పిలుస్తుందనీ, ఇది మొదటి పిలుపనీ చెప్పాడు. వెనక్కి వచ్చేసరికి ఆ పలకమీద చెంప ఆనిన చోట కొంచెం తడి ఉంది. షెడ్డులోకి వచ్చే ప్రతి నీటి చుక్కనీ రిజిస్టరులో ఎక్కించాలని ఉత్తరువు ఉంది. ఆ నీటిని నేను ఎక్కించలేదు. నా సర్వీసులో నేను చేసిన మొదటి తప్పు అది.

మర్నాడు చయనులు గారి ఆఖరి ప్రణాళిక నా బల్లమీదికి వచ్చింది. ఏటిగాలిలో తేమ ఉన్నందున సంపూర్ణ శుష్కత ఇక్కడ అసాధ్యమనీ, స్మృతి నౌకను నగరంలోని ఏసీ హాలుకు తరలించి తేమ పీల్చు యంత్రముల నడుమ ఉంచవలెననీ అందులో ఉంది. హాలు గుమ్మం చిన్నది గనుక "నౌకను మూడు భాగములుగా విభజించి" తీసుకువెళ్ళాలి. రంపం పట్టే తేదీ రోహిణికి నాలుగు రోజుల ముందు. శుభ్రమైన ప్రతి తయారుచేసి సంతకానికి పెట్టమని నాకు ఆదేశం.

నాకు కోపం వచ్చింది. సూపరింటెండెంటుకి కోపం వస్తే కేకలు వెయ్యడు, నియమావళి మొదటినుంచి చదువుతాడు. ఆ పూటంతా కూర్చుని, ఎవరూ చదవని రెండో నియమం దగ్గర ఆగాను. "నౌక అనగా పద్నాలుగవ నియమము క్రింద జలప్రవేశార్హత పత్రము పొందిన తేలుడు సాధనము." రెండుసార్లు చదివాను. తర్వాత సామాన్ల నియమావళి కూడా తీశాను. ఆ మధ్యాహ్నమే నోటు రాశాను. నా జీవితంలో నేను రాసిన నోట్లలో అదే మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఏటి ఒడ్డున ఉన్న వస్తువు అర్హత పత్రం పొందలేదు. పొందనంతవరకు రెండో నియమం ప్రకారం అది నౌక కాదు. నౌక కానిదానికి పద్నాలుగో నియమం వర్తించదు, పరీక్షా అక్కర్లేదు, నౌకని తడిపిన నేరమూ ఉండదు. మరి అదేమిటి? టేకుతో చేసినది, మేకులు కొట్టినది, కూర్చోడానికి బల్లలున్నవి. ఇటువంటివి యుద్ధకాలంలో కుర్చీలు, అలమారాలు చేయు కార్ఖానాలలో తయారైనట్టు మన మండలి కరపత్రంలోనే ఉంది. కావున ఇది ఆఫీసు కలప సామాను, ఒకటి. సామాన్ల నియమావళి ఇరవై రెండు ప్రకారం కొత్త కలప సామానును వినియోగంలోకి తెచ్చుటకు ముందు నీటితో శుభ్రముగా కడుగవలెను. పై కారణములచే సదరు సామానును కడుగుటకు అనుమతి కోరడమైనది.

చయనులు గారు ఆ నోటు మూడుసార్లు చదివారు. పెండింగు పరీక్షల పట్టీలో ఈ అంశం ఇక ఉండదు కదా అని అడిగారు. నౌకే లేనప్పుడు పరీక్ష ఎక్కడ పెండింగులో ఉంటుందని మనవి చేశాను. ఆయన ముఖం విప్పారింది. వార్షిక నివేదికలో పెండింగు సున్నా చూపించడం ఆయన చిరకాల స్వప్నం.

"కడుగుటకు ఎంత నీరు అవసరపడును?" అన్నారు కలం తీసి.

"సామాను పరిమాణాన్ని బట్టి సార్. ఏటికి తీసుకువెళ్ళడమే పొదుపు."

"కడుగుము," అని రాసి సంతకం పెట్టారు.

మర్నాడే తాటిమొద్దులు పరిచి, మోకులు కట్టి, ఊరు ఊరంతా లాగింది. అప్పలనరసమ్మ ఒక చెంబు నీళ్ళు తెచ్చి, సగం పడవ ముక్కుమీద పోసి, మిగతా సగం కాపలావాడి మీద పోసింది. పడవ ఏట్లో దిగింది. దిగిన అరగంటకి లోపల మోకాలిలోతు నీళ్ళు, మధ్యాహ్నానికి నడుంలోతు. సమాచారం అందడంతో కామేశం గారు సుద్దముక్కతో వచ్చి ఒడ్డున నిలబడ్డారు. పడవ అంచు నీటికి జానెడు పైన ఉంది. నా ఉద్యోగం కూడా అంతే ఎత్తులో ఉందనిపించింది. పోలయ్య మటుకు లోపల బల్లమీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు. భయం లేదా అని అడిగాను.

"తాగనియ్యండి బాబుగారూ. నాలుగు నెలల దాహం కదండి," అన్నాడు.

రెండో రోజు పంపు పెట్టి తోడితే సగమే మళ్ళీ వచ్చింది. మూడో రోజు పొద్దున తోడాం, మధ్యాహ్నం దాకా చూశాం. పోలయ్య అడుగున చెయ్యి పెట్టి తడిమి, ఆ చేతిని నా చేతికి రాశాడు. పొడిగా ఉంది. కామేశం గారు టార్చిలైటుతో రెండు గంటలు వెతికారు. తానే సుద్దతో చుట్టిన గుండ్రాల్లో ఒక్కదానిలోనూ చుక్క లేదు. ఇది నౌక అయి ఉంటే పరీక్షలో నెగ్గి ఉండేదనీ, కలప సామాను గనుక తాను ఏమీ చెప్పలేననీ రాసి, సుద్దముక్క బడికి తిరిగి ఇచ్చేశారు.

ఒడ్డునే మంగలి పోలయ్య గడ్డం గీశాడు. గడ్డం కింద ఇంత చిన్న ముఖం ఉందని మేమెవరమూ అనుకోలేదు. మోటారుని పెట్టెలోంచి తీసి బిగించేసరికి ఇంకో రోజు పట్టింది. ఆ మర్నాడు పోలయ్య చుక్కాని చక్రం పట్టుకున్నాడు, పక్కన అప్పలనరసమ్మ, వెనక నేను, మజ్జిగ కుండ. మడ అడవి దాటాం. మొగ దగ్గర మొదటి కెరటం తగిలితే పడవ ముక్కు ఎత్తి మెత్తగా దించింది. పోలయ్య ఇంజను తగ్గించి, "ఇట్టా నడుత్తాదన్నమాట, నాన్నా," అన్నాడు. నాకు కళ్ళు నిండాయి. సామాను కడగడానికి వచ్చిన ఉద్యోగి ఏడవకూడదని నియమం ఏదీ లేదు.

తర్వాత అయిదేళ్ళు గడిచాయి. ఏటా జాబితా తనిఖీ అధికారి వచ్చి, అంశం ముప్ఫై ఒకటి, కలప సామాను, ఒకటి, ఎక్కడున్నదని అడుగుతాడు. "కడుగుచున్నాము" అని రాసిస్తాను. మూడో ఏట ఒకాయన ఇంకా ఎన్నాళ్ళని అడిగాడు. మురికి వదలలేదని చెప్పాను. కడగడం పూర్తయితే మండలి ఆవరణకి చేర్చాలి, ఆవరణలో ఆరబెట్టాలి. అందువల్ల మురికి వదలడం లేదు. గోదావరి వరదల్లో లంకల వాళ్ళని రెండుసార్లు ఇందులోనే ఒడ్డుకి చేర్చారు. ఆ సంగతి నివేదికలో "కడుగు సమయమున సామానుపై ప్రజలు కూర్చుండిరి" అని రాశాను. మొదటి పేజీలో మాత్రం పాత వాక్యమే. మండలి పడవ ఒక్కటీ మునగలేదు, ఎందుకంటే మండలికి పడవ లేదు.

ఈ నెల నేను పదవీ విరమణ చేశాను. నా స్థానంలో రమాకుమారి గారని కొత్త సూపరింటెండెంటు వచ్చారు. చురుకైన మనిషి, నియమావళి మాట దాటరు. బాధ్యతలు అప్పగించేటప్పుడు ఒక్కొక్క వస్తువూ కళ్ళతో చూస్తేనే సంతకం పెడతానన్నారు. బల్లలు చూశారు, బీరువాలు చూశారు. ముప్ఫై ఒకటి దగ్గర వేలు ఆపి, అయిదేళ్ళుగా కడుగుతున్న ఈ సామాను ఏమిటో తనకి చూపించాల్సిందేనన్నారు.

ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాను. పోలయ్యకి ఇప్పుడు రెండో కన్నూ సరిగ్గా లేదు. చప్పుడు విని చెయ్యి అందించి ఆవిణ్ణి ఎక్కించుకున్నాడు. ఆవిడ బల్లమీద కూర్చుని, పక్క పలకలు నిమిరి, అడుగున చెయ్యి పెట్టి చూసుకున్నారు. మొగదాకా వెళ్ళి వచ్చాం. ఒడ్డు దిగాక జాబితా మోకాలిమీద పెట్టుకుని, ముప్ఫై ఒకటికి ఎదురుగా తన చేత్తో రాసి సంతకం పెట్టి నాకు చూపించారు.

"చూచితిని. మురికి ఇంకను వదలలేదు."